కోడిని కాగితం దాటనివ్వకండి

పిల్లలకు కోడి గురించి నేర్పాలనుకునే సైబరాబాద్ తల్లిదండ్రులు మొట్టమొదట చూసుకోవలసింది ప్రింటర్‌లో ఇంకు. కోడి సంగతి తర్వాత. ఇంట్లో ప్రింటర్ లేకపోతే ఆఫీసులో ఉండనే ఉంటుంది. మైండ్‌స్పేస్‌లో గానీ నానక్‌రామ్‌గూడలో గానీ శుక్రవారం సాయంత్రం ప్రింటర్ చుట్టూ గుమిగూడినవాళ్ళను చూసి ఏదో పెద్ద రిలీజ్ ఉంది కాబోలనుకుంటాం. తీరా చూస్తే వాళ్ళ చేతుల్లో ఉండేవి ఏనుగులూ జిరాఫీలూ కోళ్ళూ. మీరూ వరసలో నిలబడండి, మొహమాటం వద్దు.

బొమ్మ ఎంపికలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఎర్రటి చెక్క కొట్టం, దాని కప్పు మీద గాలివాటం చూపించే ఇనుప పుంజు, పక్కన గడ్డిచుట్టలు, గళ్ళచొక్కా తొడుక్కున్న తెల్లదొర రైతు ఉన్న బొమ్మే తీసుకోండి. అలాంటి కొట్టాన్ని మీ పాప కొండాపూర్‌లో చూసి ఉండదు, మీరు మీ ఊళ్ళో చూసి ఉండరు. కాబట్టి ఇద్దరికీ సందేహాలు రావు. కోళ్ళగంప ఉన్న బొమ్మ పొరపాటున దొరికితే వెంటనే చింపేయండి. గంప ఏమిటని అడుగుతుంది. వెదురుబద్దలతో అల్లి, బోర్లించి, కింద పిల్లలకోడిని పెడతారని చెప్పాలి. ఎందుకు పెడతారంటుంది. గద్ద తన్నుకుపోకుండా అని చెప్పాలి. గద్ద ఎందుకు తన్నుకుపోతుందంటుంది. అవతల మీకు ఏడున్నరకు కాల్ ఉంది.

రంగుల నియమాలు తేలిక. జుట్టు ఎరుపు, ఒళ్ళు తెలుపు, కాళ్ళు పసుపు, పిల్లలు కూడా పసుపు. పుంజు తోకకు నలుపు ఒక్కటి ఉంచి, మిగతా క్రేయాన్లు డబ్బాలోంచి తీసి అటక మీద పడేయండి. కాళ్ళు పసుపెందుకని పాప అడిగితే "అంతే" అనండి. నిజం చెప్పడం మొదలుపెడితే తెమలదు. ప్రపంచంలోని పెంపుడు కోళ్ళన్నిటికీ మూలపురుషుడు ఆగ్నేయాసియా ఎర్ర అడవికోడే అని చాలాకాలం అనుకున్నారు. కానీ పసుపు తోలునూ పసుపు కాళ్ళనూ ఇచ్చిన జన్యువు దానిది కాదని, బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ బృందం తేల్చింది. ఆ బూడిదరంగు అడవికోడి ఎక్కడిదంటే మన దక్షిణాదిది. ఎర్ర అడవికోడి ఉత్తరం నుంచీ తూర్పు నుంచీ దిగి సుమారుగా గోదావరి దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి కిందికి దీని రాజ్యం. అంటే ఆ అమెరికా కొట్టం బొమ్మ మొత్తంలో మన నేల నుంచి వెళ్ళింది ఏదైనా ఉంటే అది ఆ రెండు పసుపు గీతలే. ఇది తెలిస్తే పాప మిగతా బొమ్మ వదిలేసి కాళ్ళ దగ్గరే గంట కూర్చుంటుంది.

కోడికి ఊదారంగు వేస్తే ఊరుకోకండి. "ఊదా కోడి ఎక్కడైనా ఉంటుందా?" అని గట్టిగా అడగండి. మన కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలు, కోడి కంట్లో నాలుగు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. కాబట్టి ఒక కోడి ఇంకో కోడికి ఏ రంగులో కనిపిస్తుందో తీర్పు చెప్పే అర్హత మీకూ లేదు, నాకూ లేదు, క్లాస్ టీచర్‌కూ లేదు. ఆ అర్హత ఉన్న కోడి పేరెంట్స్ మీటింగ్‌కు రాదు గనక మీ మాటే చెల్లుతుంది.

పుంజు తోకను నల్ల క్రేయాన్‌తో దట్టంగా నింపించండి. ఎండలో ఆ తోక పచ్చగా మెరుస్తుంది కదా అని పాప అంటే, యూట్యూబ్‌లో చూసి ఉంటుంది, కొట్టిపారేయండి. పచ్చరంగు ఆ ఈకలో నిజంగానే లేదు. ఉన్నది నలుపే, ఆ నల్లపదార్థం ఈకలో పొరలు పొరలుగా అమరిన తీరు వల్ల వెలుగు విరిగి మనకు పచ్చగా కనబడుతుంది. నలుపు వేసి దాని మీద ఆకుపచ్చ మైనపు క్రేయాన్‌ను వేలితో పల్చగా రుద్దితే అచ్చం అలాగే వస్తుంది. చెప్పకండి. కొత్త కుర్తా, కొత్త సోఫా, ఆ వేలు ఎక్కడ తుడుస్తుందో మీకు తెలుసు.

మేనమామ వస్తే

ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే ప్రమాదకరమైన మనిషి భీమవరం వైపు మేనమామ. మాదాపూర్‌లో అతను క్లౌడ్ ఆర్కిటెక్టే కావచ్చు. జనవరి రెండోవారం వచ్చేసరికి లాప్‌టాప్ మూసి, విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లలో తనదొకటి కలిపి, ఎలాగోలా భోగికి ఊళ్ళో దిగే రకం. అతను సోఫాలో కూర్చుని ఉండగా కలరింగ్ షీట్ బయటికి తీయకండి.

తీశారా, అయిపోయింది. తెల్లగా వదిలేసిన కోడిని చూసి "ఇది సేతువే కోడలు పిల్లా" అంటాడు. నల్లగా నింపితే కాకి అంటాడు. ఎర్రగా నింపితే డేగ. రెక్కల మీదో వీపు మీదో పసుపు పడితే నెమలి. మెడ నల్లబడితే సవల. మెడ మీద నల్ల ఈకలూ తెల్ల ఈకలూ సమంగా ఉంటే పర్ల. ఎరుపూ బూడిదా కలిస్తే మైల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. ఒక్కొక్క ఈక మీదే నలుపు, తెలుపు, ఎరుపు ఉంటే దాని పేరు పూల. ముప్పాతిక తెల్లగా ఉండి మధ్యమధ్య వేరే రంగు తొంగిచూస్తే పింగళ. ఇక రెండు రంగులు కలిస్తే రెండు పేర్లూ కలుస్తాయి: కాకిడేగ, కాకినెమలి. మీరు నాలుగు క్రేయాన్లు మిగిల్చిన డబ్బాను అతను అటక మీద నుంచి మళ్ళీ నింపుతాడు.

అంతటితో ఆగడు. ఏ రోజున ఏ రంగు పుంజు ఏ రంగు మీద గెలుస్తుందో, ఏ దిక్కు నుంచి బరిలో దించాలో చెప్పే కుక్కుటశాస్త్రం ఉందంటాడు. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలసపోయిన పల్నాటి కథ ఎత్తుకుంటాడు. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి దాకా వెళ్ళిపోతాడు. పాప నోరు తెరుచుకుని వింటుంటుంది. ఆ వేళ మీరు కల్పించుకుని, కాలికి కత్తి కట్టి కొట్లాడించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమనీ, కోర్టులూ కూడదన్నాయనీ గుర్తు చేయండి. మీరన్నది నూటికి నూరుపాళ్ళు సరైనదే. నెత్తురోడే పక్షి మీద లక్షలు కాయడంలో సంప్రదాయమేదీ నాకూ కనబడదు. కానీ ఆ మాట అంటున్నప్పుడు మీకు ఇంకో ఆలోచన రావచ్చు: తెలుగువాళ్ళు కోడి ఒంటి మీది రంగుల్ని ఇంత నిదానంగా, ఈక ఈకా చూసి పేర్లు పెట్టుకున్నారు కదా, ఆ పేర్లన్నీ బరిలోనే ఎందుకు మిగలాలి, మాటలు తీసుకుని కత్తి అక్కడే వదిలేస్తే ఏం పోతుంది అని. ఆ ఆలోచనను మొగ్గలోనే తుంచేయండి. పది రంగుల పేర్లు తెలిసిన పిల్ల గీతల మధ్య ఆగదు. ఈకకో రంగు అంటుంది. షీట్ ముగియడానికి వారం పడుతుంది. ఆపైన "నిజం పూల కోడిని చూపించు నాన్నా" అంటుంది.

అప్పుడు రాజేంద్రనగర్ పేరు మీ నోట రాకూడదు. గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కితే అది పెద్ద దూరం కాదు. దేశంలో కోళ్ళ పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ 1988 నుంచి అక్కడే ఉంది. పల్లెల్లో పెరట్లో తిరిగే కోళ్ళ కోసం వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే రకాలను అక్కడే తయారు చేశారు. వనరాజా ఒంటి నిండా రంగులు. పైగా కాళ్ళు పొడుగు, కుక్కో గద్దో వెంటపడితే పరిగెత్తి తప్పించుకోవడానికి పనికొస్తాయి. శత్రువును లెక్కలో పెట్టుకుని కోడికి కాళ్ళు ఎంపిక చేశారన్న ముక్క వింటే ఏ పిల్లకైనా కళ్ళు మెరుస్తాయి. మనకెందుకు ఆ తలనొప్పి. శివార్లలో టికెట్టు పెట్టి, గుప్పెడు గింజలు చేతిలో పోసి, కోళ్ళ ముందు ఫొటో దిగనిచ్చే చోటికి తీసుకెళ్ళండి. అక్కడ కోడికంటే కెమెరా వంక చూడటం నేర్పుతారు.

ఫ్యాక్టులు

ఫ్యాక్టులు చెప్పేటప్పుడు ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేకుండా చెప్పాలి. ఇంట్లో జరిగేదానితో అసలే ముడిపెట్టకూడదు.

ఉదాహరణకు కూత. తెల్లవారడం చూసి పుంజు కూస్తుందని నేర్పండి, అది చాలు. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో పుంజుల్ని మార్పులేని మసక వెలుతురులో ఉంచి చూశారు. సూర్యుడు లేకున్నా అవి వేళకే కూశాయి, గడియారం వాటి ఒంట్లోనే ఉందని 2013లో ప్రకటించారు. రెండేళ్ళ తర్వాత అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. నాలుగు పుంజులు ఒకచోట ఉంటే హోదాలో పైనున్నది ముందు కూస్తుంది, తక్కినవి వాటి వాటి మెట్టు ప్రకారం తర్వాత అందుకుంటాయి. రోజూ పొద్దున్న స్టాండప్ కాల్‌లో మేనేజర్ గొంతు విప్పేదాకా మ్యూట్‌లో ఉండే నాన్నను చూస్తున్న పాపకు ఇది చెప్పారంటే మీ పరువు మీరే తీసుకున్నట్టు.

అసలు ఈ హోదాల గొడవ బయటపెట్టినవాడు నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరప్-ఎబ్బే. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే ఇంటి కోళ్ళ దగ్గర కూర్చుని, ఏది దేన్ని పొడుస్తోంది, ఏది దేనికి దారి ఇస్తోంది అని నోటుపుస్తకంలో రాసుకునేవాడు. 1921లో అది శాస్త్రమైంది. ఇవాళ కంపెనీల్లో హోదాల వరస గురించి మాట్లాడేవాళ్ళు వాడే 'పెకింగ్ ఆర్డర్' అనే మాట ఆ పెరట్లోంచి వచ్చిందే. వాడి చేతిలో కలరింగ్ షీట్ పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ పాప ఊరెళ్ళినప్పుడు పెరట్లో కోళ్ళ ముందు ఊరికే కూర్చుని కనిపిస్తే వెంటనే లేపండి, ట్యాబ్ ఇవ్వండి.

కోడికునుకు గురించి చెప్పవచ్చు గానీ జాగ్రత్త. కోడి ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి నిద్రపోగలదు. మెదడులో సగం నిద్రలో ఉంటే సగం కాపలా కాస్తుంది. ఆన్‌కాల్ డ్యూటీ ఉన్న వారం అమ్మ అలాగే పడుకుంటుందని పాప గమనించకుండా చూసుకోండి.

గుడ్డు యాప్‌లోంచి వస్తుంది. పది నిమిషాల్లో వస్తుంది. ఇంతకుమించి చెప్పకండి. చెబితే, కోడి కడుపులో ఒక గుడ్డు తయారవడానికి 24 గంటలు దాటి పడుతుందనీ, అందులో 20 గంటల దాకా ఒక్క పెంకు కట్టడానికే పోతాయనీ చెప్పాలి. గుడ్ల కోళ్ళ ఫారాల్లో పగలు చాలక లైట్లు వేసి రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తారు, అంత వెలుతురుంటేనే అవి ఏడాది పొడుగునా పెడతాయి. షాద్‌నగర్ దారిలో రాత్రిపూట వెలుగుతూ కనిపించే పొడవాటి షెడ్లు అవే. "అవి కూడా నైట్‌షిఫ్టా?" అంటే మీ దగ్గర జవాబు లేదు. పేపర్లో రోజూ పడే నెక్ గుడ్డు ధర కూడా చూపించకండి. రైతుకు దళారి చెప్పిందే ధరగా ఉన్న రోజుల్లో, 1982లో బి.వి. రావు రైతులందరినీ కూడగట్టి మన గుడ్డు ధర మనమే చెబుదామని పెట్టిన కమిటీ అది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది, తెలంగాణ మొదటి మూడింట్లో ఉంది. ఇంత కథ ఉన్న గుడ్డును పాప కిందపడేస్తే మీకు మరీ కోపం వస్తుంది.

గోధుమరంగు గుడ్డుకు మాత్రం రెట్టింపు ధర పెట్టండి. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుందనీ, రంగును బట్టి బలం మారదనీ, గోధుమరంగు పెంకు కూడా మొదట తెల్లగానే ఉండి చివర్లో రంగు పూసుకుంటుందనీ ఎవరైనా అంటే, కోడిగుడ్డు మీద ఈకలు పీకొద్దని చెప్పండి. మీ కోడ్ రివ్యూల్లో ఎలాగూ రోజూ జరిగేది అదే.

పళ్ళు లేని కోడి గింజలు ఎలా నములుతుందన్న ప్రశ్న భోజనం వేళ రానివ్వకండి. ఏరుకు తిన్న చిన్న రాళ్ళు కందనకాయలో చేరి గింజల్ని పిండి చేస్తాయని మీరు అనగానే, ఆదివారం మీరు కందనకాయలు విడిగా అడిగి తీసుకునే సంగతి పాపకు గుర్తొస్తుంది.

పాప అడిగిందని

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక రోజు పాప "నాకు నిజం కోడిపిల్ల కావాలి" అంటుంది. కాదనకండి. జాతరల్లో, సంతల్లో, బస్తీ సందుల్లో వెదురుబుట్టలో వేసుకుని అమ్ముతారు: గులాబీ, ఆకుపచ్చ, నీలం, నారింజ రంగు కోడిపిల్లలు. ఇంతకంటే సృజనాత్మకమైన కలరింగ్ యాక్టివిటీ ఎక్కడుంది? ఎవరో ముందే వేసిపెట్టారు, మీకు క్రేయాన్ల ఖర్చు కూడా లేదు.

ఆ రంగు అంత బాగా ఎందుకు పట్టిందో అడగకండి. నాటుకోడి పిల్లలు నల్లగా, గోధుమరంగులో, వీపు మీద చారలతో పుడతాయి, వాటి మీద గులాబీ అంటదు. షీట్ మీద పాప రోజూ వేసే పసుపు పిల్లలు ఫారం తెల్లకోళ్ళ పిల్లలు. గుడ్ల కోసం పెంచే జాతిలో ఆడపిల్లలు ఫారానికి వెళ్తాయి. మగవి గుడ్లు పెట్టవు, మాంసానికీ తొందరగా ఎదగవు. మేత దండగని హేచరీలో పుట్టిన రోజే వేరుచేసి వదిలించుకుంటారు. అలా పనికిరావనుకున్నవాటిలో కొన్ని అద్దకపు నీళ్ళలో మునిగి, ఆరి, బుట్టెక్కి, మీ పాప ముందుకు వస్తాయి. కొనేటప్పుడు "పెద్దయ్యాక ఇది గుడ్లు పెడుతుంది" అని పాపకు గట్టిగా మాటివ్వండి.

తెచ్చాక ఏసీ గదిలో, 24 మీద, అట్టపెట్టెలో పెట్టండి. మొదటి వారం దానికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలంటారు, తల్లి రెక్క కింద అంత వేడి ఉంటుంది. బల్బు వేలాడదీయమంటారు. బల్బు సీలింగ్ డిజైన్‌కు నప్పదు. మొదటి రెండు రోజులు పిల్ల హుషారుగానే కనిపిస్తుంది. గుడ్డులోంచి వచ్చేముందు పొట్టలోకి లాక్కున్న పచ్చసొన దాన్ని రెండు మూడు రోజులు నిలబెడుతుంది, హేచరీల నుంచి పెట్టెల్లో ఊళ్ళు దాటి వస్తున్నది ఆ బలంతోనే. మీరు మాత్రం అది మీ పెంపకమే అనుకుని ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టండి. మూడో రోజు ఫొటో పెట్టకండి.

ఒకవేళ అదృష్టం బాగుండి బతికితే, నూగు పోయి ఈకలు వస్తాయి, ఆ ఈకలు తెల్లగా వస్తాయి. గులాబీ ఏమైపోయిందని పాప ఏడుస్తుంది. ఇంకో షీట్ ప్రింట్ తీసివ్వండి. మూడు నాలుగు నెలలకు గుడ్డు కోసం పాప పెట్టె అడుగున టిష్యూపేపర్లు పరుస్తుంటే, పద్నాలుగో అంతస్తు బాల్కనీలో అది మెడ సాచి కూస్తుంది, తెల్లవారుజామున, ఒంట్లో గడియారం ప్రకారం. ఎదురు టవర్‌లో అమెరికా షిఫ్టు ముగించుకుని అప్పుడే పడుకున్నవాళ్ళు ఉంటారు. అసోసియేషన్ గ్రూపులో మొదట అధ్యక్షుడు మెసేజ్ పెడతాడు, ఆయన వెనక కార్యదర్శి, ఆయన వెనక బ్లాక్ ప్రతినిధులు, ఆ తర్వాత అద్దెకున్నవాళ్ళు. ఈ వరసను పాపకు చూపించకండి.

ఇక దాన్ని అమ్మమ్మ ఊరికి పంపడమే మార్గం. అమ్మమ్మ దాన్ని ఏం చేయదలచుకుందో ఫోన్‌లో అడగకండి. దసరా సెలవులకు వెళ్ళినప్పుడు పాప పెరడంతా వెతుకుతుంది. కోడి ఆన్‌సైట్ వెళ్ళిందని చెప్పండి. ఈ ఐటీ కారిడార్‌లో పుట్టిన పిల్లకు ఆ ఒక్క మాటా విడమరచి చెప్పనక్కరలేదు. ఎప్పుడొస్తుందని కూడా అడగదు, ఆన్‌సైట్ వెళ్ళిన బాబాయి ఇంకా రాలేదని దానికి తెలుసు.